పాలమూరు కూలి – నాడు పోయినవాడు, నేడు వచ్చినవాడు



ఆషాఢమాసములో వనపర్తి, కొత్తకోట, పెబ్బేరు వంటి ఊళ్ళలో ప్రొద్దున్నే బస్సులు ఆగుచోట కొంతసేపు నిలబడి చూడుడు. భుజమున ఒక సంచి, మెడలో ఒక తువాలు, చేతిలో ఒక ఫోను – ఈ విధముగా పదిహేను ఇరువదిమంది మగవారు ఒక గుంపుగా దిగుదురు. వారి మాట హిందీ వలె వినిపించును గాని పూర్తిగా హిందీ కాదు. భోజ్‌పురియో, మైథిలియో, బెంగాలీయో అయి ఉండును. కొంతసేపటికి ఒక రైతు ట్రాక్టరు తెచ్చి వారినందరిని ఎక్కించుకొని పోవును. వారు మన పొలములలో వరినాట్లు వేయుటకు బీహారు, ఉత్తర ప్రదేశ్, బెంగాలు రాష్ట్రములనుండి వచ్చిన కూలీలు.

ముప్పది నలుబది ఏండ్ల క్రిందట ఇదే చోట నిలబడిన వారికి వేరొక దృశ్యము కనబడెడిది. మూటలు, వంటపాత్రలు, పార, గడ్డపార, చంకలో పసిబిడ్డ – వీటితో మనవారే ఊరు విడిచి పోవుచుండెడివారు. ముసలివారు గుడిసె వద్ద మిగిలిపోయెడివారు. దేశములో ఎక్కడ ఆనకట్ట కట్టినను, ఎక్కడ కాలువ త్రవ్వినను ‘పాలమూరు లేబరు’ అను మాట వినబడెడిది. ఒక జిల్లా పేరు కూలిపనికే మారుపేరు కావడము గర్వించదగిన విషయమో, విచారించదగిన విషయమో పాఠకులే చెప్పవలెను.

ఈ రెండు ప్రయాణములను ప్రక్కప్రక్కన పెట్టి చూచుట ఈ వ్యాసము యొక్క ఉద్దేశము. ఒకప్పుడు మేస్త్రీ వెంట పోయిన కుటుంబమే నేడు మేస్త్రీకి ఫోను చేసి మనుషులను పిలిపించుకొను కుటుంబమైనది. దీనివలన పొలమునకు కలిగిన లాభమేమి, ఊరిలోని కైకిలివారికి కలిగిన నష్టమేమి, వచ్చినవారిపట్ల మనము చేయవలసినదేమి అనునవి రైతులును, పంచాయతీ కార్యదర్శులును, విస్తరణాధికారులును కలిసి ఆలోచింపవలసిన సంగతులు.

మనవారు పోయిన త్రోవ

మన జిల్లాకు దక్షిణపు అంచున కృష్ణ, తుంగభద్ర పారుచున్నవి. అయినను నది పల్లమున, పొలము మెట్టన ఉండుటచే శతాబ్దముల తరబడి ఆ నీరు మన కండ్లయెదుటనే క్రిందికి పోయినది. ఎర్ర చల్క నేలలు, సగటున 600 మిల్లీమీటర్లకు అటునిటుగా వాన, అదియు ఒక ఏడు వచ్చి ఒక ఏడు రానిది. జొన్న, ఆముదము, కంది వేసి, కొత్త పంట వచ్చువరకు ఇంటి గింజలు చాలక రైతులే కూలీలైరి.

వలస ఇటీవలిది కాదు. బొంబాయి నగరములో కామాటిపుర అను పేట ఉన్నది. నిజాము రాజ్యమునుండి ఇండ్ల కట్టుబడి పనులకు పోయిన తెలుగు కామాటీలు అక్కడ నివసించుటచే దానికా పేరు వచ్చినది. నల్లగొండ, పాలమూరు ప్రాంతముల నేతపనివారు షోలాపురము, భివండి, సూరతు పట్టణముల మగ్గములకు పోయిరి. స్వాతంత్ర్యము వచ్చిన తరువాత పెద్ద ప్రాజెక్టుల కాలము వచ్చినది. 1955 డిసెంబరు 10వ తేదీన నెహ్రూగారు నాగార్జునసాగరమునకు శంకుస్థాపన చేసిరి. 1967 ఆగస్టులో కాలువలకు నీరు వదలిరి. ఆ ఆనకట్టను రాతికట్టడముగా, యంత్రములకంటె మనుషుల చేతులనే ఎక్కువగా నమ్ముకొని కట్టిరి. రాయి మోసిన ఆ చేతులలో పాలమూరు చేతులెన్నో ఉన్నవి. ఆ సాగరపు ఎడమ కాలువ నల్లగొండ జిల్లాలో మిర్యాలగూడెము ప్రాంతమును వరిపొలములుగా మార్చినది. మోసినవారి ఊళ్ళకు మాత్రము ఆ నీరు రాలేదు.

ఈ పనులకు మనుషులు పోయిన పద్ధతిని కొంచెము వివరముగా చెప్పుకొనవలెను. ఈనాటి సంగతి అర్థమగుటకు అది అవసరము. కంట్రాక్టరుకు కూలీ ఎవరో తెలియదు, కూలీకి కంట్రాక్టరు ఎవరో తెలియదు. మధ్యలో ఉన్నవాడు గుంపు మేస్త్రీ. అతడు మన ఊరివాడో, ప్రక్క ఊరివాడో. కరువునాడు, పెండ్లినాడు, రోగము వచ్చిననాడు అతడు బయానా ఇచ్చెడివాడు. ఆ సొమ్ము తీరువరకు భార్యాభర్తలు ఇరువురును అతడు చూపిన చోట పనిచేయవలెను. అక్కడ తిండికిచ్చిన గింజలు, దారిఖర్చులు, మందుల ఖర్చులు అన్నియు ఆ పద్దుకే చేరెడివి. పద్దు వ్రాసినవాడు మేస్త్రీ. వ్రేలిముద్ర వేసినవాడు కూలీ. ఏడాది చివర లెక్క చూచినచో కొన్నియెడల ఇంకను అప్పే మిగిలెడిది.

ఈ బాధను ప్రభుత్వము గుర్తింపలేదని చెప్పరాదు. వెట్టిచాకిరీని రద్దుచేయుచు 1976లో ఒక చట్టమును, రాష్ట్రము దాటి పోవు కూలీల రక్షణకు 1979లో మరియొక చట్టమును పార్లమెంటు చేసినది. ఈ రెండవ చట్టము ప్రకారము కంట్రాక్టరు లైసెన్సు పొందవలెననియు, కూలీకి ఫోటో అంటించిన పాసుపుస్తకము ఇవ్వవలెననియు, ఊరు విడిచినందుకు నెలకూలిలో సగమును వేరుగా చెల్లింపవలెననియు, రానుపోను ఖర్చులు భరింపవలెననియు ఏర్పరచిరి. చట్టము మంచిదే. దానిని చదివిన మేస్త్రీని మాత్రము మేము చూడలేదు.

2005లో ఉపాధి హామీ చట్టము వచ్చినది. 2006 ఫిబ్రవరిలో అది మొదట అమలైన జిల్లాలలో మహబూబ్‌నగరమును, నల్లగొండయు ఉన్నవి. గ్రామములోనే 100 దినముల పని అనుమాట మేస్త్రీ బయానాకు కొంత ఎదురు నిలిచినది. అయినను వలస పూర్తిగా ఆగలేదు. నారాయణపేట, మక్తల్, కొడంగల్ ప్రాంతముల తండాలనుండి, పల్లెలనుండి బొంబాయి, పూనా, హైదరాబాదులకు నేటికిని పోవుచునే ఉన్నారు. ‘బొంబాయి బస్సు’ అన్న మాట అక్కడి పిల్లలకు కూడ తెలియును. హైదరాబాదులో అద్దాల మేడలకు పునాది త్రవ్వినవారు పాలమూరు కూలీలు. ఆ మేడలలో కూర్చుండి అమెరికా కంపెనీలకు పనిచేయువారిలోను పాలమూరు పిల్లలున్నారు. ఒకే కుటుంబములో అన్న తట్ట మోయుట, తమ్ముని కొడుకు కంప్యూటరు ముందు కూర్చుండుట ఇప్పుడు వింత కాదు.

నీరు వచ్చిన తరువాత

నదిలోని నీరు పల్లమునుండి మెట్టకు ఎక్కినప్పుడు అసలు మార్పు ప్రారంభమైనది. జూరాల ప్రాజెక్టు 1995 ప్రాంతమున నీరిచ్చినది. తరువాత శ్రీశైలము వెనుకనీటిని కొల్లాపురము వద్ద ఎల్లూరునుండి మూడు అంచెలలో ఎత్తి పోయు కల్వకుర్తి పథకము, జూరాలనుండి నీరెత్తు నెట్టెంపాడు, భీమా పథకములు వచ్చినవి. 2010 తరువాతి సంవత్సరములలో ఆ కాలువల వెంట చెరువులు నిండినవి. 2018 జనవరి 1వ తేదీనుండి వ్యవసాయమునకు 24 గంటల ఉచిత విద్యుత్తు వచ్చుటచే బోర్ల క్రింద కూడ వరి పెరిగినది. రాష్ట్రమంతట 2024 వానకాలములో 66 లక్షల ఎకరములకు పైగా వరి వేసిరనియు, 153 లక్షల టన్నుల ధాన్యము పండినదనియు ప్రభుత్వము ప్రకటించినది.

వరికి నీరు ఒక్కటే చాలదు, మనుషులు కావలెను. అదియు అందరికి ఒకేసారి కావలెను. చెరువు నిండిన వారము దినములలో ఊరందరి దమ్ములు పూర్తియగును, నారు సిద్ధమగును. ఎకరము నాటుటకు పది పన్నెండుగురు స్త్రీలు ఒక దినమంతయు వంగవలెను. పూర్వము ఇరువది ఎకరముల వరి ఉన్న గ్రామములో నేడు అయిదువందల ఎకరములున్నచో అదే ఆడవారు ఎన్ని మళ్ళలో వంగగలరు? యువకులు పట్టణమునకు పోయిరి, ఆడపిల్లలు చదువుకొనుచున్నారు, ఇది సంతోషింపదగినదే. ఫలితముగా ఇరువదియైదు దినముల లోపల నాటవలసిన నారు నలుబది దినములు మడిలోనే నిలిచిపోవుచున్నది. ముదురు నారు పిలకలు తక్కువ పెట్టును. తప్పనిసరియై నాటవలసివచ్చినచో కుదురుకు రెండు మూడు మొక్కలకు బదులు నాలుగైదు మొక్కలు పెట్టవలసియుండును.

ఈ ఖాళీలోనికే బయటి గుంపులు వచ్చినవి. వారి పద్ధతి మన పద్ధతికి పూర్తిగా వేరు. మనవద్ద నాట్లు ఆడవారి పని, దినకూలి పని. వారిలో నాటువారు మగవారు, పని గుత్తకు. నారు తీయుట, కట్టలు కట్టుట, మోయుట, నాటుట అన్నియు కలిపి ఎకరమునకు ఇంత అని మాటాడుకొందురు. ఇటీవలి సంవత్సరములలో ఈ గుత్త పలుచోట్ల నాలుగువేలనుండి అయిదువేల రూపాయల వరకు ఉన్నది. తెల్లవారకముందే మడిలో దిగి, మధ్యాహ్నము గెట్టున కొంచెము తిని, చీకటిపడువరకు నాటుదురు. పదిహేనుమంది గుంపు దినమునకు నాలుగైదు ఎకరములు ముగించును. చాలమంది తాడు పట్టి వరుసగా నాటుదురు గనుక కుదుళ్ళు దగ్గరగాను, సమముగాను పడును.

రైతులు ఇక్కడ ఒక విషయమును గమనింపవలెను. గుత్తపనివానికి వేగమే లాభము. వేగము ఎక్కువైనచో కుదుళ్ళు దూరమగును, మొక్క లోతుగా దిగును. కావున పని మొదలుపెట్టిన మొదటి గంటలోనే ఒక మీటరు పొడవు, ఒక మీటరు వెడల్పు గల చతురము పెట్టి కుదుళ్ళు లెక్కింపుడు. వానకాలములో 33, యాసంగిలో 44 ఉండవలెను. ప్రతి రెండు మీటర్లకు ఒక జానెడు కాలిబాట విడువుమని ముందే చెప్పుడు. గాలి, వెలుతురు ఆడుటకు, మందు చల్లుటకు అది అవసరము. మొక్క రెండు మూడు సెంటీమీటర్లకంటె లోతుగా పోరాదు. నారు కొసలు త్రుంచి నాటినచో కాండము తొలుచు పురుగు గ్రుడ్లు చాలవరకు అక్కడే పోవును. ఇవన్నియు ధర నిర్ణయించుకొనునాడే మాటాడవలెను. సగము పొలము నాటిన తరువాత గెట్టుమీద నిలబడి కేకలు వేసినందువలన ప్రయోజనము లేదు.

మన ఊరి ఆడవారి సంగతి

బయటివారు వచ్చుటచే మన కైకిలివారి పని పోయినదా? ఈ ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు లేదు. నాట్లు మిక్కుటముగా ఉన్న పదిహేను ఇరువది దినములు అందరికిని పని ఉండును. బయటివారు లేనిచో పొలములే బీడు పడును. కాని నాట్లు మొదలగునపుడును, ముగియునపుడును పని కొంచెమే ఉండును. ఆ దినములలో రైతు గుంపునే పిలిచినచో ఊరి ఆడవారు ఇంట కూర్చుండవలసివచ్చును. ముఖ్యముగా ఏబది దాటినవారు, ఒంటరి స్త్రీలు గుత్త వేగమును అందుకొనలేరు. దినకూలిలో వారికొక స్థానముండెను. ముసలమ్మ నెమ్మదిగా నాటినను ప్రక్కనున్న కోడలు సరిదిద్దెడిది. గుత్తలో ఆ ఓపిక లేదు.

ఊరిలో మరియొక మాట తరచుగా వినబడుచున్నది: ‘బీహారువారు ఎదురు చెప్పరు, ఎంత పనియైనను చేయుదురు, మనవారు సోమరులైరి.’ ఈ మాటను మేము అంగీకరింపము. ఒకనాడు బొంబాయిలోను, ఆనకట్టలవద్దను మన పాలమూరువారిని గురించి అక్కడి యజమానులు సరిగా ఇదే మాట చెప్పెడివారు. మనవారు అక్కడ ఎందుకు ఎదురు చెప్పలేదు? ఇల్లు వందల మైళ్ళ దూరమున ఉన్నది, భాష రాదు, బయానా మేస్త్రీ చేతిలో ఉన్నది, బిడ్డకు జ్వరము వచ్చినను పోవుటకు చోటు లేదు. అది రక్తములోని కష్టశీలము మాత్రమే కాదు, దూరము కల్పించిన నోటికట్టు. తన ఊరిలో ఉన్న కూలి మధ్యాహ్నము ఇంటికి పోయి బిడ్డకు అన్నము పెట్టివచ్చును, కూలి చాలదని అడుగును. అడుగగలుగుట సోమరితనము కాదు.

కూలిధర విషయములో బయటివానిని ఊరివానికి పోటీగా నిలిపినచో ఏమగునో మన తెలుగువారి చరిత్రలోనే ఒక ఉదాహరణ ఉన్నది. పందొమ్మిదవ శతాబ్దమునుండి కోస్తా జిల్లాల తెలుగువారు వేలకొలది బర్మాకు పోయిరి. కాకినాడ ప్రక్కనున్న కోరంగి రేవు పేరుమీద అక్కడివారిని ‘కోరంగీలు’ అనిరి. రంగూను బియ్యపు మిల్లులలోను, ఓడరేవులోను బరువులు మోసినది వీరే. వీరిని తీసికొనిపోయినవాడును మేస్త్రీయే. 1930 మే నెలలో రేవుకూలీలు కూలి పెంచుమని పని ఆపిరి. ఓడల యజమానులు వారి స్థానమున బర్మావారిని పెట్టుకొనిరి. ఒప్పందము కుదరగానే తెలుగువారిని తిరిగి పనిలోనికి తీసికొని బర్మావారిని పొమ్మనిరి. ఇరువర్గముల నడుమ పుట్టిన కొట్లాటలో నూరుమందికి పైగా చనిపోయిరి. చనిపోయినవారిలో ఎక్కువమంది మనవారు. కూలిధర నిర్ణయించినవారికి మాత్రము దెబ్బ తగులలేదు. 1942లో జపానువారు దండెత్తినపుడు లక్షలమంది భారతీయులు కొండలు, అడవులు దాటి కాలినడకన తిరిగి వచ్చిరి. దారిలో ఎందరో రాలిపోయిరి.

మన పల్లెలు రంగూను కావు. అయినను ఊరి కైకిలివారిని బెదిరించుటకు ‘మీరు కాకపోతే బీహారువారు ఉన్నారు’ అని గెట్టుమీద అనుట మంచిది కాదు. కొన్ని గ్రామములలో రైతులు ఒక పద్ధతి పాటించుచున్నారు: ముందుగా ఊరి ఆడవారి జట్లకు వారు నాటగలిగినంత విస్తీర్ణము ఒప్పగించి, మిగిలిన దానికే బయటి గుంపును పిలిపించుచున్నారు. ఊరి జట్లు కూడ దినకూలి మాని ఎకరము లెక్కన ఒప్పుకొన్నచో, వేగముగా నాటువారు నాట్లలోను, పెద్దవారు నారు తీయుటలోను ఉండి కూలిని తమలో తాము పంచుకొనవచ్చును. ఇది మహిళా సంఘములు తలపెట్టదగిన పని.

కొందరు రైతులు మొలకకట్టిన విత్తనమును నేరుగా దమ్ములో వెదజల్లుచున్నారు. కొందరు డ్రమ్‌సీడరు వాడుచున్నారు. నారుమడి, నాట్లు రెండును తప్పును. విత్తనము తక్కువ పట్టును. పంట వారము పది దినములు ముందు వచ్చును. కాని మొదటి వారములోనే కలుపుమందు వాడుటలో ఏమరినచో, నాట్లలో మిగిలిన కూలి కలుపుతీతలో పోవును. మడి చదునుగా లేనివారు దీని జోలికి పోకుండుట మేలు.

మిల్లులు, ఓడలు, పండుగలు

ధాన్యము కల్లమునుండి మిల్లునకు చేరిన తరువాత కూడ బీహారు చేయి వదలదు. మిర్యాలగూడెము మిల్లులలో బస్తాలు ఎత్తి దించు హమాలీలలో బీహారువారు అధికులు. వారు లేనిచో మిల్లు ఆగును. మిల్లు ఆగినచో కొనుగోలు కేంద్రమున మన బస్తాలు వానలో తడియును. 2020లో ఇది అందరికిని తెలిసివచ్చినది. ఆ ఏడు మార్చిలో హోలీ పండుగకు ఇండ్లకు పోయిన హమాలీలు లాక్‌డౌనుచే అక్కడే చిక్కుకొనిరి. ఇక్కడనున్న ఇతర కూలీలు ఇండ్లకు పోవుటకు తహతహలాడిరి. మే 1వ తేదీన దేశములో మొదటి శ్రామిక రైలు హైదరాబాదు ప్రక్కనున్న లింగంపల్లి స్టేషనునుండి సుమారు 1,200 మందితో ఝార్ఖండులోని హటియాకు బయలుదేరినది. వారము తిరుగగానే, మే 8వ తేదీన, బీహారులోని ఖగడియానుండి రెండువందలకు పైగా కూలీలతో ఒక రైలు అదే లింగంపల్లికి వచ్చి చేరినది. వారు మన మిల్లుల హమాలీలు. ఆ దినములలోనే మన పాలమూరువారు బొంబాయినుండి లారీలలో, కాలినడకన ఇల్లు చేరిరి. కొన్ని ఊళ్ళవారు రోగభయముచే పొలిమేరలోనే వారిని ఆపిరి.

మన బియ్యము నేడు ఎంతదూరము పోవుచున్నదో కూడ తెలిసికొనవలెను. 2025 మార్చి 31వ తేదీన కాకినాడ రేవునుండి 12,500 టన్నుల ఎం.టి.యు. 1010 బియ్యము మన రాష్ట్రమునుండి ఫిలిప్పీన్సు దేశమునకు ఓడలో బయలుదేరినది. అంతకుముందు 2023 జూలైలో కేంద్రప్రభుత్వము బాస్మతి కాని తెల్లబియ్యము ఎగుమతిని ఆపినది; 2024 సెప్టెంబరులో మరల అనుమతించినది. బీహారువాడు నాటి, పాలమూరు రైతు పండించి, మిర్యాలగూడెములో బీహారు హమాలీ ఎత్తిన బియ్యమును మనీలాలో ఒక కుటుంబము వండుకొనవచ్చును. ఢిల్లీలో ఒక ఉత్తరువు మారినచో ఆ గొలుసు అంతయు కదలును.

ఊరి జీవితములోను చిన్నచిన్న మార్పులు కనబడుచున్నవి. కిరాణా దుకాణమున ఆవనూనె సీసాలు, సత్తుపిండి పొట్లములు వచ్చినవి. జొన్నరొట్టె తిని పెరిగిన ముసలివారు అన్నము తినుచుండగా, నాట్ల కూలీలు సాయంకాలము రొట్టెలు కాల్చుకొనుచుండుట చూచి నవ్వుకొందురు. భాషకు అంత చిక్కు లేదు. నిజాము కాలమునుండి మనవారికి దక్కనీ ఉర్దూ కొంత వచ్చును గనుక ‘ఇధర్ ఆవ్, ఉధర్ డాలో’ అని నెట్టుకొనివచ్చుచున్నారు. పోయినది మాత్రము ఒకటి ఉన్నది: ఆడవారు వరుసలో వంగి ఒకరు అందుకొనగా అందరును పలికిన నాట్ల పాటలు. మగవారి గుంపులో ఫోను పాడుచుండును. ఆ పాటలు వచ్చిన అవ్వలు ఇంకను ఊరిలో ఉన్నారు. బడిపిల్లలచేత వ్రాయించి ఉంచినచో మంచిది.

రైతులును, గ్రామాధికారులును చేయవలసినది

గుంపు వచ్చిననాడే మేస్త్రీ పేరు మాత్రమే కాక ప్రతి మనిషి పేరు, ఊరు, జిల్లా, ఇంటివారి ఫోను నంబరు ఒక పుస్తకములో వ్రాసికొనుడు. పోలీసు తనిఖీకి భయపడి చేయుమని కాదు. పాము కరచిననాడు, మోటారు స్టార్టరు వద్ద విద్యుత్తు తగిలిననాడు, పిడుగు పడిననాడు ఆ మనిషి ఇంటికి ఎవరు చెప్పవలెను? మన వారెందరో పరాయి రాష్ట్రములలో చనిపోయినపుడు ఊరికి కబురు వచ్చుటకు ఎన్ని దినములు పట్టినదో పెద్దవారు చెప్పగలరు. పంచాయతీ కార్యదర్శులు ఇటువంటి పట్టికను కార్యాలయమున ఉంచినచో మిక్కిలి ఉపయోగము. ఆధారు కార్డులను మాత్రము పూచీగా లాగుకొని దాచరాదు. అది కూలివానిని కట్టివేయుటయే.

సొమ్ము చెల్లించునపుడు అంతయు మేస్త్రీ చేతిలో పెట్టి చేతులు దులుపుకొనవద్దు. అందరిని కూర్చుండబెట్టి, నాటిన గుంటలు లెక్కకట్టి, మొత్తము ఇంత, మీరు ఇంతమంది అని బిగ్గరగా చెప్పి ఇవ్వుడు. మనిషి మనిషికి ఫోను ద్వారా పంపగలిగినచో మరియు మంచిది. మేస్త్రీ తన వంతు తీసికొనుటలో తప్పు లేదు. ఎంత తీసికొనుచున్నాడో మిగిలినవారికి తెలియకుండుట తప్పు. మన తాతలు వ్రేలిముద్ర వేసిన పద్దు అట్టిదే.

బసకు పశువుల కొట్టమును, బోరుషెడ్డును చూపరాదు. ఖాళీగానున్న గది, త్రాగుటకు శుభ్రమైన నీరు, మరుగుదొడ్డి, పడుకొనుటకు మంచము లేక ఎత్తైన అరుగు ఉండవలెను. వానకాలపు రాత్రులలో నేలమీద పడుకొన్నవారినే పాములు కరచుచున్నవి. వాడిన పురుగుమందు డబ్బాలను నీరు త్రాగుటకు, వంటకు వాడకుండ చూడుడు. డబ్బాపై తెలుగులో వ్రాసినది వారు చదువలేరు.

రేషను కార్డు ఉన్న కుటుంబమునకు దేశములో ఏ చౌకదుకాణమునందైనను తన వంతు గింజలు తీసికొను వీలు 2022 నాటికి అన్ని రాష్ట్రములకు విస్తరించినది. ఈ సంగతి వచ్చిన కూలీలలో చాలమందికి తెలియదు. కొన్నిచోట్ల డీలర్లు తెలిసినను చెప్పరు. ఇ-శ్రమ్ అను పేరుతో అసంఘటిత కార్మికుల నమోదు 2021 ఆగస్టులో మొదలైనది. నమోదుకు రుసుము లేదు. మన ఊరినుండి బొంబాయికి, పూనాకు పోవువారు కూడ బయలుదేరకముందే నమోదు చేయించుకొనవలెను. కుటుంబముతో వచ్చువారి పిల్లల సంగతి వేరు. ఇటుకబట్టీలకు ఒడిశానుండి వచ్చు కుటుంబములు కార్తీకమునుండి వేసవి వరకు ఇక్కడనే ఉండును. ఆ పిల్లలకు వారి భాషలోనే బడి నడిపిన ఉదాహరణలు మన రాష్ట్రములో ఉన్నవి. బట్టీ ఉన్న గ్రామముల ఉపాధ్యాయులు మండల విద్యాధికారికి వ్రాసి అడుగవలెను.

ఇక యాసంగికి గుంపును కుదుర్చుకొనువారు ఒక తేదీని జ్ఞాపకముంచుకొనవలెను. దీపావళి తరువాత ఆరవ దినమున, అనగా కార్తీక శుద్ధ షష్ఠినాడు, బీహారువారికి ఛఠ్ పండుగ. ఆ ఇంటి ఆడవారు నీరైన ముట్టక ఉపవాసముండి, నీటిలో నిలబడి సూర్యునికి అర్ఘ్యమిత్తురు. ఎంతదూరముననున్నను మగవారు ఆనాటికి ఇల్లు చేరవలెనని చూతురు. రైళ్ళు క్రిక్కిరిసి పోవును. దసరాకే వారికి లెక్క తేల్చి సొమ్ము ఇచ్చి పంపినచో మరల వచ్చుటకు మాట ఇచ్చి పోవుదురు. సగము సొమ్ము ఆపి ఉంచినచో వారు తప్పక వత్తురని కొందరు రైతులు అనుకొందురు గాని, అట్లు ఆపినవారి పొలమునకు రెండవ ఏడు ఏ గుంపును రాలేదని వినుచున్నాము. నారును నవంబరులో పోసినచో చలికి అది నెమ్మదిగా పెరిగి డిసెంబరు చివరకు నాటుటకు వచ్చును. పండుగ ముగించుకొని వచ్చువారికిని అదే సమయము సరిపోవును. మేస్త్రీకి ఫోను చేయునపుడు నాట్ల తేదీతోపాటు ఎకరములు, కుదుళ్ళు, ధర, బస – నాలుగును అప్పుడే చెప్పివేయుడు.